ఆ ఆరు నిమిషాలు



పోయిన చెనక్కాయ కాలములో ఒక ఆదివారము ఆరాధన ముగించి, గుడి బయట వేపచెట్టు క్రింద నిలుచుని ఉన్నాము. చిన్న విమానమొకటి గుయ్యిమని మా తలలమీదుగా పోయింది. సండేస్కూలు పిల్లవాడొకడు మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, దానికి ఇప్పుడు ఇంజను ఆగిపోతే యాడ దిగుతాది?" అని అడిగాడు. పెద్దలు నవ్వారు. మాకు మాత్రము జవాబు తెలియలేదు. తరువాత తెలిసినవారిని అడిగి, చదివి తెలిసికొన్న సంగతులు ఈ నెల వ్రాస్తున్నాము.

మన జిల్లావారికి చిన్న విమానము బొత్తిగా కొత్త కాదు. పుట్టపర్తిలో 1990 నుండి విమానాశ్రయమున్నది. 2003 తరువాత కొన్నేండ్లు మేఘమథనమని మబ్బుల్లో మందు చల్లడానికి విమానములు తిరిగినప్పుడు, వాన పడిందో లేదో గాని, మనమందరము మెడలు పట్టేసేలా పైకి చూచినవారమే.

ఇంజను ఆగితే విమానము రాయివలె పడదట. గద్దవలె జారుతుంది. నేలకు 3000 అడుగుల ఎత్తున ఉంటే, గాలి అడ్డులేనప్పుడు సుమారు 8 కిలోమీటర్లు జారగలదు. అంటే పైలట్ చేతిలో నాలుగైదు నిమిషాలున్నట్టు. ఆ నిమిషాలలో ఏది ముందు, ఏది వెనుక అన్నది వారికి మొదటినుండి నూరిపోస్తారు. ముందు విమానమును నడుపు, తరువాత దారి చూడు, ఆ తరువాత రేడియోలో మాట్లాడు. మనమైతే ముందు కేకలు వేస్తాము.

ఇక దిగే చోటు. మన చేలు పైనుండి చూస్తే అరచేయివలె సాపుగా ఉంటాయి. దగ్గరకు వచ్చేకొద్దీ గట్లు, రాళ్ళకుప్పలు, బోర్లకు లాగిన కరెంటు తీగలు బయటపడతాయి. తీగ పైకి కనబడదు, స్తంభము కనబడుతుంది. స్తంభమును చూచి అక్కడ తీగ ఉన్నదని ఎంచుకోవాలి. గాలికి ఎదురుగా, దున్నిన చేనైతే సాళ్ళ వెంబడి దిగాలి, సాళ్ళకు అడ్డముగా కాదు. పెన్నా ఇసుక చూడ్డానికి బాగుంటుంది గాని, చక్రము దిగబడితే విమానము బోర్లాపడుతుంది. దిగిన తరువాత విమానమును విడిచి నడిచిపోకూడదట. వెదికేవారికి మనిషికంటె విమానమే తొందరగా కనబడుతుంది.

దారి తప్పడము ఇంకొక ఆపద. దిక్సూచి, గడియారము, పటము, ఈ మూడే పాతకాలపు సాధనములు. 60 మైళ్ళు పోయేసరికి ఒక్క డిగ్రీ తప్పితే ఒక మైలు ప్రక్కకు పోతాము. అందుకే క్రింద గుర్తులు చూచుకుంటారు: గుత్తి కోట, పెనుకొండ కొండ, గుంతకల్లు నుండి వచ్చే రైలుకట్ట. చెరువులను మాత్రము నమ్మరాదు. పటములో నీలముగా ఉన్న చెరువు, కరువు సంవత్సరములో క్రింద మన్నురంగుగానే ఉంటుంది. మన కరువు ఆకాశములో పోయేవానికి కూడా అడ్డమే!

ఇదంతా చదువుతుండగా 2009 సెప్టెంబరు 2 మా మనస్సులో మెదిలింది. ఆ ఉదయము ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖర రెడ్డిగారు బేగంపేటలో బెల్ 430 హెలికాప్టరు ఎక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. తొమ్మిదిన్నరకు ముందే జాడ తెలియకుండా పోయింది. ఆ రాత్రి మన గుడులలో ఎన్నిచోట్ల దీపములు ఆర్పలేదో మీకు జ్ఞాపకముండే ఉంటుంది. మరునాటి ఉదయమున గాని నల్లమలలో పావురాలగుట్టమీద శకలములు కనబడలేదు. ఆయనతోపాటు అధికారి సుబ్రహ్మణ్యంగారు, భద్రతాధికారి వెస్లీగారు, పైలట్లు భాటియాగారు, సత్యనారాయణ రెడ్డిగారు, ఐదుగురూ పోయారు.

విచారణ కమిటీ చెప్పినదేమనగా, భారీ మబ్బులలో గాలి ఒక్కసారిగా క్రిందికి తోసివేయగా హెలికాప్టరు అదుపు తప్పింది. అయితే అంతకుముందు ఆరు నిమిషాలకు పైగా పైలట్లు గేరుబాక్సు నూనె ఒత్తిడిలో వచ్చిన తేడా ఏమిటని పుస్తకములో వెదుకుచున్నారు. కన్ను పుస్తకముమీద, మబ్బు ముందర. వారు చేతకానివారు కారు, అనుభవజ్ఞులు. వారిని తప్పుపట్టుటకు ఇది వ్రాయుట లేదు. క్రింద మనుష్యులు కాచుకొని ఉన్నప్పుడు వెనుకకు మళ్ళుట ఎంత కష్టమో మాకు తెలియును.

(అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చూడండి. ఇప్పుడు బయలుదేరవద్దని పౌలు చెప్పినా, శతాధిపతి ఓడ నడిపేవాని మాటే విన్నాడు. ఆ రేవు చలికాలమునకు అనుకూలము కాదన్నది వారి లెక్క.)

ఒక వంతు ఏర్పాటు బయలుదేరకముందే జరగాలి. ఏ దారిన, ఎన్ని గంటలకు, రాకపోతే ఎవరు వెదకాలి అన్నది చెప్పి పోవాలి. పడిన విమానము తనంతట తానే పిలిచే పెట్టె ఒకటి ఉన్నది. 2009 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహములు 406 మెగాహెర్ట్జ్ పిలుపునే వింటాయి. మన దేశములో ఆ పిలుపులు బెంగళూరుకు చేరుతాయి. కాని పెట్టె మంటలో కాలితే పిలిచేవారెవరు?

మా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేండ్ల క్రిందట అవతలి ఊరిలో పెండ్లి జరిపించుటకు, సంఘపెద్ద ఒకరిని వెనుక కూర్చోబెట్టుకొని స్కూటరుమీద బయలుదేరాము. వంకలో నీళ్ళు చీలమండ లోతు. నడుమకు రాగానే స్కూటరు ఆగింది. మేము ప్లగ్గు విప్పి తుడుస్తూ, ఊదుతూ, మళ్ళీ బిగిస్తూ ఉన్నాము. పెద్దాయన ఒడ్డుకు పోయి నిలుచుని, "అయ్యగారూ, ప్లగ్గు కాదు, నీళ్ళు చూడండి!" అని అరిచాడు. చూస్తే మోకాలు దాటాయి. "పెండ్లివాళ్ళు కాచుకోనుండారు గదా" అన్నాము. "పెండ్లి రేపైనా అయితాది. మిమ్మల్ని యాడనుంచి తెచ్చేది?" అన్నాడు.

స్కూటరు అక్కడే వదిలి ఒడ్డు పట్టాము. సాయంత్రానికి అది రెండు ఫర్లాంగుల దిగువన తుమ్మచెట్టుకు తట్టుకొని దొరికింది. పెండ్లి మరునాడు పదకొండు గంటలకు జరిగింది. పెండ్లికూతురి తండ్రి రెండు నెలలు మాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు గాని, ఆనాడు రెండు బస్తాల బియ్యపు అన్నము చల్లారిపోయిందని కనబడినప్పుడల్లా అంటూనే ఉంటాడు.