బండి మనదే, ప్రాణం మాత్రం ఇంటిల్లిపాదిదీ

మన హాస్టల్లో ఏ గదిలోనైనా ట్రంకు పెట్టెల మూతలు తీసి చూడండి. మూత లోపల ఒక అంబేద్కర్ బొమ్మ, ఒక హీరో బొమ్మ, వాటి పక్కన పేపర్లోంచి కత్తిరించి అన్నం మెతుకులతో అంటించిన ఒక బైకు బొమ్మ కనిపిస్తాయి. హీరో మారినా మారకపోయినా బైకు మాత్రం మారుతూ ఉంటుంది. ఒకప్పటి అన్నల పెట్టెల్లో ఆర్‌ఎక్స్ 100 ఉండేది. తర్వాతి వాళ్ల పెట్టెల్లో పల్సర్. ఇప్పటి తమ్ముళ్ల పెట్టెల్లో బుల్లెట్.

వార్షికోత్సవ సంచిక అంటే చదువు గురించి, క్రమశిక్షణ గురించి, పోటీ పరీక్షల గురించి రాయాలంటారు. వాటి గురించి నాకంటే బాగా రాసే అన్నలు చాలామంది ఉన్నారు. నేను బండి గురించి రాస్తున్నాను. ఎందుకంటే మన దగ్గర బండి గురించి రెండే మాటలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు "బండి ముట్టుకోకు, చస్తావు" అంటారు. మన ఈడు వాళ్లు "చావుకు భయపడేవాడు బండెక్కకూడదు" అంటారు. ఈ రెండు మాటలూ మనకు పనికిరావని నా అభిప్రాయం.

ముందు ప్రేమ సంగతి

బండి మీద ఇష్టం ఉత్త షోకు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. మా ఇంటికి మొదటి బండి వచ్చింది కూడా నేను డిగ్రీలో ఉన్నప్పుడే. అది సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్. అంతకుముందు అన్నిటికీ మా నాయన సైకిలే దిక్కు. బండి వచ్చాక మా అమ్మకు రాత్రిపూట జ్వరం వస్తే పొద్దుటి బస్సు దాకా ఆగే పని తప్పింది. ఆఖరి బస్సు పోతుందని నేను సాయంత్రం లైబ్రరీలో సగం పేజీ దగ్గర పుస్తకం మూసే పని తప్పింది. పక్క మండలంలో కూలి ఎక్కువ దొరికితే మా నాయన అక్కడికే పోగలిగాడు. ఇవి షోకులా?

మన వాడల్లో బండికి ఇంకో అర్థం కూడా ఉంది. చెప్పులు చేత పట్టుకుని ఊరి వీధులు దాటిన తాతల మనవళ్లం మనం. ఆ వీధిలోనే బండి మీద తల ఎత్తుకుని పోవడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఇప్పటికీ కొందరికి కంటగింపుగానే ఉంది. 2025 ఫిబ్రవరిలో తమిళనాడులోని శివగంగ జిల్లాలో ఒక దళిత విద్యార్థి చేతులను కత్తులతో నరికారు. అతను బుల్లెట్ నడపడం ఓర్వలేకనే ఈ పని చేశారని అతని కుటుంబం చెప్పింది. అలాంటి దేశంలో మన పిల్లవాడు బండిని ప్రేమించడాన్ని నేను తప్పు పట్టలేను. దానికి తోడు గాలి ముఖానికి తగులుతుంటే పొలాల మధ్య రోడ్డు మీద పోయే ఆ సంతోషం ఒకటి ఉండనే ఉంది. దానికి కారణాలు చెప్పనక్కర్లేదు.

ఇక ప్రమాదం లెక్క

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. అంటే రోజుకు రెండు వందల మందికి పైనే. అదే ఏడాది హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపినవాళ్లు కూడా కాదు, వెనక కూర్చున్నవాళ్లు.

"రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం" అనే మాట మీరు వినే ఉంటారు. మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. చదువు మన నుదుట రాయలేదని మన తాతలకు చెప్పారు. మన నాయనలకూ అదే చెప్పారు. ఆ రాతను నమ్మకుండా ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఈ హాస్టల్ గేటు దాటినవాళ్లం మనం. పుస్తకం దగ్గర నమ్మని తలరాతను బండెక్కగానే నమ్ముతామా?

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. ఎంత జాగ్రత్తగా నడిపినా కొంత ప్రమాదం మిగిలే ఉంటుంది. తప్పుదారిలో ఎదురొచ్చే ట్రాక్టరు, రాత్రిపూట వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ, ఆరబోసిన వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లు, ఉన్నట్టుండి అడ్డం వచ్చే బర్రె... ఇవేవీ మన చేతిలో లేవు. కారు నడిపేవాడి చుట్టూ ఇనుము ఉంటుంది. మన చుట్టూ ఉండేది చొక్కా ఒక్కటే. "జాగ్రత్తగా పోతే ఏమీ కాదు" అని చెప్పేవాడు కూడా అబద్ధమే చెబుతున్నాడు.

మరి ఏం చేయాలి? మానేయాలా? మా ఊళ్లో కల్లు గీసే గౌడన్నలను చూడండి. తాడిచెట్టు ఎక్కడం ప్రమాదమని వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా ఎక్కుతారు, అది వాళ్ల బతుకు. కానీ మోకు బిగువు చూసుకోకుండా చెట్టెక్కే గౌడన్నను నేను చూడలేదు. మోకు కట్టుకున్నాడని ఆయన్ను ఎవరూ పిరికివాడు అనరు. హెల్మెట్ పెట్టుకున్నవాణ్ని మాత్రం మనం "ముసలోడిలా ఆ టోపీ ఏందిరా" అంటాం! చెట్టెక్కేవాడికి మోకు ఎంతో, బండెక్కేవాడికి హెల్మెట్ అంత.

దేన్ని ప్రేమిస్తున్నాం?

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇది. ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఒక పక్క బండిలో మనకు నచ్చేవి రాయండి. రెండో పక్క మనల్ని చంపేవి రాయండి.

నచ్చేవి: గాలి, స్వేచ్ఛ, ఆఖరి బస్సు కోసం పరుగెత్తక్కర్లేకపోవడం, అమ్మను వెనక కూర్చోబెట్టుకుని సంతకు తీసుకుపోవడం, ఊరి వీధిలో తల ఎత్తుకుని పోవడం, ఇంజను చప్పుడు. చంపేవి: హెల్మెట్ లేకపోవడం, తాగి నడపడం, అతి వేగం, ఒకే బండి మీద ముగ్గురు, సెల్‌ఫోన్.

ఇప్పుడు రెండు పక్కలా చూడండి. నచ్చేవాటిలో ఏ ఒక్కదానికైనా చంపేవాటితో పని ఉందా? అమ్మను సంతకు తీసుకుపోవడానికి తొంభై స్పీడు కావాలా? తల ఎత్తుకుని పోవడానికి ఆ తల మీద హెల్మెట్ ఉంటే అడ్డమా? మనం ప్రేమించేది ఒకటి, మనల్ని చంపేది ఇంకొకటి. ఈ రెంటినీ కలిపి "బైకంటే అంతే" అనేవాళ్లు బండినీ అర్థం చేసుకోలేదు, ప్రేమనూ అర్థం చేసుకోలేదు.

వేగం సంగతే తీసుకోండి. ముప్పై కిలోమీటర్ల దూరం అరవై వేగంతో పోతే అరగంట పడుతుంది. ఎనభైతో పోతే ఇరవై రెండున్నర నిమిషాలు. మిగిలేది ఏడున్నర నిమిషాలు. ఆ మిగిలిన సమయంలో మనం చేసేది ఏమిటి? టీ కొట్టు దగ్గర అరగంట కూర్చోవడం! బడిలో చదివిన భౌతికశాస్త్రం ఇంకో మాట కూడా చెబుతుంది. వేగం నలభై నుంచి ఎనభైకి రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లు అవుతుంది. గుద్దుకున్నప్పుడు మన ఒంటి మీద పడేది ఆ శక్తే. అరవై వేగంలో బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా పోతుంది. కన్ను చూసి చెయ్యి బ్రేకు పట్టేలోపే ఒక లారీ పొడవు దాటిపోతాం.

ప్రేమించేవాడు ఆ బండి గురించి నేర్చుకోవాలి కూడా. ముందు బ్రేకు పడితే బోర్లా పడతామని చాలామంది వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతారు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. ఒక్కసారిగా గుంజకుండా రెండూ కలిపి మెల్లగా బిగించడం ఖాళీ మైదానంలో నేర్చుకోవాలి. మనలో ఎంతమందికి ఇది ఎవరైనా నేర్పారు?

మన ఇళ్లలో లెక్క వేరు

2021 సెప్టెంబర్ 10న హైదరాబాద్‌లో హీరో సాయిధరమ్ తేజ్ స్పోర్ట్స్ బైకు మీద నుంచి పడిపోయిన సంగతి అందరికీ గుర్తుంది. ఆయన తలకు హెల్మెట్ ఉంది. నెల రోజులకు పైగా పెద్ద ఆసుపత్రిలో ఉండి ప్రాణాలతో ఇంటికి చేరాడు. ఆయనకు హెల్మెట్ ఉంది, పెద్ద ఆసుపత్రీ అందింది. మన ఊరి రోడ్డు మీద పడితే ఆ రెండోది అందేసరికి ఎంతసేపవుతుందో మనకు తెలుసు. అందుకే మొదటిది ఆయనకంటే మనకే ఎక్కువ అవసరం. ప్రపంచంలో పలుచోట్ల జరిగిన పరిశోధనలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ వల్ల ప్రమాదంలో చనిపోయే అవకాశం 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతాయి. అది ఐఎస్‌ఐ గుర్తు ఉన్న హెల్మెట్ అయి ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించి ఉండాలి. పెట్రోల్ ట్యాంకు మీద పెట్టిన హెల్మెట్ ట్యాంకునే కాపాడుతుంది.

మా వాడలో ఒక అన్న సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. ఆర్‌సీ తన పేరు మీదికి మార్పించుకోలేదు. లైసెన్సూ లేదు. ఒక పండగ రాత్రి కల్వర్టుకు గుద్దుకుని పోయాడు. ఆ ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే. బీమా ఒక్క రూపాయి రాలేదు. దినాలు కాకముందే ఫైనాన్సు మనుషులు వాయిదా కోసం వచ్చి గడపలో కూర్చున్నారు. ఇంటర్ చదివే చెల్లెలు ఆ ఏడాదే చదువు మానేసి పత్తి ఏరడానికి పోయింది. పోయింది ఒక్క ప్రాణమే, కానీ రెండు బతుకులు ఆగిపోయాయి.

కాబట్టి బీమా సంగతి కూడా తెలుసుకోండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మనం గుద్దినవాళ్ల కోసం. మన తప్పుతో మనమే పడిపోతే మన ఇంటికి అది అక్కరకు రాదు. మన ఇంటికి ఆసరా అయ్యేది ఓనర్-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా. 2018లో దాన్ని 15 లక్షల రూపాయలకు పెంచారు. కానీ బండి మన పేరు మీద ఉండాలి, మనకు చెల్లే లైసెన్సు ఉండాలి. అరువు బండి నడిపేవాడికి అది వర్తించదు. మనలో ఎక్కువమంది నడిపేది అరువు బండే కదా!

అన్నలకు ఒక మాట

వార్షికోత్సవం రోజున అన్నల బళ్లు గేటు దగ్గర వరుసగా నిలబడతాయి. తమ్ముళ్లు వాటి చుట్టూ తిరుగుతారు. "అన్నా, ఒక్క రౌండ్" అంటారు. ఆ కళ్లలో ఆశ చూసి కాదనలేక మనం తాళం ఇచ్చేస్తాం. అన్నలారా, దయచేసి ఇవ్వకండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి యజమాని మీద కూడా కేసు అవుతుంది. మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా పడవచ్చు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. చట్టం సంగతి అటుంచండి. పొద్దున నాలుగింటికి లేచి చదివే ఆ పిల్లవాడి మీద ఒక ఊరి ఆశలు ఉన్నాయి. తాళం ఇస్తే ఒక్క రౌండ్ సంతోషమే. పద్దెనిమిది నిండాక దగ్గరుండి లైసెన్సు ఇప్పించి, ఆదివారం పూట మైదానంలో బ్రేకు పట్టడం నేర్పితే అది జీవితాంతం ఉంటుంది. ఈసారి వచ్చేటప్పుడు రెండు హెల్మెట్లతో రండి. తమ్ముణ్ని వెనక కూర్చోబెట్టుకుని, వాడి పట్టీ మీ చేతులతో బిగించి, ఆ రౌండ్ మీరే తిప్పండి.

తమ్ముళ్లకు చెప్పేది ఒక్కటే. పెట్టె మూతలోని ఆ బైకు బొమ్మను చింపేయకండి. ఉద్యోగం సంపాదించండి, మీ కష్టార్జితంతో ఆ బండి మీ పేరు మీదే కొనండి. కొన్నరోజే మంచి హెల్మెట్లు రెండు కొనండి, ఒకటి మీకు, ఒకటి వెనక కూర్చునే మీ అమ్మకు. మనల్ని ఇక్కడిదాకా చదివించడానికి అప్పు చేసినవాళ్లు, పస్తు ఉన్నవాళ్లు, చదువు మానుకున్న అక్కలు ఎందరో ఉన్నారు. వాళ్లందరికీ మన ప్రాణంలో వాటా ఉంది. ఆ వాటా ఇంటికి చేర్చేవాడే మంచి రైడర్ అని నేను నమ్ముతున్నాను.

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ.