పదిమంది ఉన్నా... పాపాయి ఎవరి చేతుల్లో?

'పాపకింకా తొమ్మిది నెలలేగా, ఇప్పుడే సముద్రమెందుకమ్మా?' అంటుంది అమ్మమ్మ. 'ఇంతమందిమి ఉన్నాం, తలా కాసేపు ఎత్తుకోలేమా?' అంటుంది మేనత్త. 'ఏసీ గదులు తీసుకుంటున్నాం, ఇబ్బందేం ఉండదు' అని బాబాయి భరోసా. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఇంత చర్చ నడుస్తుంటే ఒక్క మనిషి మాత్రం ఏమీ అనదు. ఆమె పాపాయి తల్లి. డైపర్లు ఎన్ని పెట్టుకోవాలో, ఉగ్గు పొడి ఎంత కొట్టించాలో అప్పటికే లెక్కలేసుకుంటూ ఉంటుంది.

ఒకప్పుడు సెలవులొస్తే అందరూ చేరేది అమ్మమ్మగారి ఊరికే. ఇప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు హైదరాబాద్‌లో ఒకరు, బెంగళూరులో ఒకరు, అమెరికాలో ఇంకొకరు. అందరికీ కుదిరేది మూడురోజులు. ఏ ఒక్కరింటి మీదా వంట భారం పడకూడదంటే రిసార్టే మేలు. రుషికొండో, సూర్యలంకో, మైపాడో ఖరారైపోతుంది. బాగానే ఉంటుంది కానీ, అమ్మమ్మగారింట్లో దూలానికి ఉయ్యాల ఉండేది. పెరట్లో కాగునిండా వేడినీళ్లుండేవి. ఏ గుమ్మం ఎత్తుగా ఉందో, బావి ఎటువైపుందో అందరికీ తెలుసు. రిసార్టు గది ఎవరికీ తెలియని ఇల్లు. తలుపు తీస్తే ఈతకొలను, నాలుగడుగులు వేస్తే సముద్రం. తేడా అక్కడే ఉంది.

ఎప్పుడు... ఎలా?

మన తీరంలో పసివాళ్లతో వెళ్లడానికి డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్, మేలలో ఉక్కపోతకి పెద్దవాళ్లే తట్టుకోలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఆ నెలల్లో గదులు తీసుకునేటప్పుడు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిస్తారా అన్నది ముందే అడగాలి. కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి రోజుల్లో సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు. చంకలో బిడ్డతో ఆ రద్దీలోకి వెళ్లకపోవడమే మంచిది.

టీకాల కార్డు కూడా ఓసారి చూసుకోవాలి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు, తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు-రుబెల్లా టీకా ఆ రోజుల్లోనే పడేట్లుంటే ప్రయాణాన్ని ఓ వారం అటూ ఇటూ జరుపుకోవాలి. సూదేసిన మర్నాడు జ్వరంతో ఉన్న బిడ్డను బండెక్కించడం ఎవరికీ సుఖం కాదు.

రైలు ప్రయాణమైతే అయిదేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు, కానీ విడిగా బెర్తూ ఇవ్వరు. తల్లికి కింది బెర్తు దొరికేలా చూడటం తోటివాళ్ల బాధ్యత. కారులో వెళ్తే బిడ్డను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మనవాళ్లకి అలవాటు. సడన్ బ్రేకు పడితే ఒళ్లోని బిడ్డను ఏ చేతులూ ఆపలేవు. వెనక సీట్లో, వీలైతే పిల్లల కారు సీటులోనే కూర్చోబెట్టాలి. రెండు గంటలకోసారి బండి ఆపి పాలు పట్టుకోవాలి. విమానంలో అయితే ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు పాలిస్తే చెవినొప్పి ఉండదు.

గదిలోకి అడుగుపెట్టగానే...

సామాను విప్పకముందే ఎవరో ఒకరు గదంతా ఓ చుట్టు తిరిగి చూడాలి. బాల్కనీ కమ్మీల మధ్య సందెంత? ప్లగ్గులు ఎంత ఎత్తులో ఉన్నాయి? కెటిల్ తీగ కిందికి వేలాడుతోందా? అన్నిటికంటే ముందు బాత్రూమ్‌లో బకెట్టు. నిండా నీళ్లున్న బకెట్లోకి తొంగిచూసి తలకిందులైన పసివాడికి తిరిగి లేచే బలం ఉండదు. అరవనూ లేడు. వాడుకోగానే బకెట్టు బోర్లించి, తలుపు గడియ పెట్టేయాలి. ఈ సంగతి గదిలో దిగిన ప్రతివాళ్లకీ చెప్పి ఉంచాలి.

ఎత్తయిన మంచం మీద చుట్టూ దిండ్లు పేర్చి పడుకోబెడితే పిల్లలు వాటిమీంచే దొర్లి పడతారు. దిండ్లలో ముఖం కూరుకుపోయే ప్రమాదమూ ఉంది. గట్టి పరుపును నేలమీదికి దించి, దానిమీద వెల్లకిలా పడుకోబెట్టడం మేలు. గొడుగులా తెరుచుకునే చిన్న దోమతెర ఒకటి తీసుకెళ్తే సాయంత్రాలు నిశ్చింతగా ఉండొచ్చు. 'సందెవేళ పసిబిడ్డని బయట తిప్పకండి' అని నానమ్మ అంటే నవ్వేయక్కర్లేదు. దోమలు ముసిరేదీ, చలిగాలి మొదలయ్యేదీ ఆ వేళకే.

ఎండ, ఇసుక, ఉప్పునీరు

పసివాళ్ల చర్మం పల్చన. ఆరు నెలల్లోపు వాళ్లను నేరుగా ఎండలోకే తీసుకెళ్లొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. వాళ్లకు సన్‌స్క్రీన్ కంటే నీడ, పల్చటి నూలు చొక్కా, అంచున్న టోపీ మంచి రక్ష. పొద్దున ఎనిమిదిన్నరలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత కాసేపు తిప్పితే చాలు. తోపుడుబండి మీద ఎండ పడుతోందని పైన దుప్పటి కప్పేస్తుంటారు. గాలాడక లోపల ఆవిరి పట్టినట్లవుతుంది. దానికంటే గొడుగు పట్టుకుని పక్కన నడవటం నయం.

ఇసుక కంట్లో పడితే నలపకూడదు. మంచినీళ్లతో కడగాలి. సముద్రం నుంచి రాగానే గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు కడిగి, తొడల మడతల్లో ఇసుక లేకుండా తుడిచి, పొడి డైపర్ వేయాలి. ఉప్పునీటి తడితో అరగంట ఉంటే చాలు, ఒరుసుకుపోయి రాత్రంతా ఏడుపే.

చిట్టిపాదాలకు అల తగిలిస్తే ఆ కేరింతలు చూడటానికి రెండు కళ్లూ చాలవు. అయితే ఆ సరదా అల చివర నురగ దగ్గరే ఆగాలి. విశాఖ తీరంలో చాలాచోట్ల నాలుగడుగులకే లోతు వచ్చేస్తుంది, వెనక్కి మళ్లే అల కాళ్లకింద ఇసుకను లాగేస్తుంది. సూర్యలంక, మంగినపూడిల్లో లోతు నెమ్మదిగా పెరుగుతుంది కానీ, అక్కడా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. బిడ్డనెత్తుకున్న మనిషి మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లకూడదు. సెల్ఫీ కోసం అలకు వీపు చూపించి నిలబడటం అసలే వద్దు.

ఎవరు చూస్తున్నారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీటమునిగి చనిపోయినవాళ్లు దాదాపు మూడు లక్షలమంది. వారిలో సుమారు నాలుగోవంతు అయిదేళ్లు నిండని పిల్లలే. నీళ్లలో పడిన పసివాళ్లు సినిమాల్లోలా చేతులు కొట్టుకుంటూ కేకలు పెట్టరు. చప్పుడు లేకుండా, క్షణాల్లో మునిగిపోతారు.

పెద్ద కుటుంబంలో అసలు చిక్కు ఇదే. ఈతకొలను చుట్టూ పద్నాలుగు మంది ఉంటారు. పాప నానమ్మ దగ్గరుందని తల్లి అనుకుంటుంది. కోడలొచ్చి తీసుకెళ్లిందని నానమ్మ అనుకుంటుంది. బావగారు చూస్తున్నారులే అని బాబాయి ఫోను తీస్తాడు. అందరూ చూస్తున్నారనుకున్న ఆ రెండు నిమిషాలూ పాపను ఎవరూ చూడటంలేదు.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. అరగంటకో గంటకో ఒకరి వంతు అనుకోవాలి. వంతులో ఉన్నవాళ్లు ఫోను పక్కన పెట్టాలి. వంతు మారేటప్పుడు నోటితో చెప్పాలి... 'వదినా, పాపని నీకిస్తున్నా' అని ఒకరు, 'ఆఁ, నా దగ్గరుంది' అని ఇంకొకరు. పన్నెండేళ్ల అక్కకో, ఎనిమిదేళ్ల అన్నకో నీళ్లదగ్గర ఆ బాధ్యత అప్పగించకూడదు. మందు పుచ్చుకున్నవాళ్ల చేతికీ ఇవ్వకూడదు. వాళ్లు నొచ్చుకుంటారన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

తలా ఓ ముద్ద!

భోజనాల బల్ల దగ్గర ఇంకో పరీక్ష. రొయ్యల వేపుడు, వంజరం పులుసు ఘుమఘుమలాడుతుంటే 'కాస్త నాలిక్కి రాయండమ్మా' అంటారు ఒకరు. ఇంకొకరు ఐస్‌క్రీమ్ చెంచా చూపిస్తారు. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు. ఉప్పు, పంచదార వేసినవీ వద్దు. కొత్త వంటకాలను రుచి చూపించడానికి ఊరుగాని ఊరు తగిన చోటు కాదు. ఇంట్లో అలవాటైన ఉగ్గు, పెసరపప్పు అన్నం, మెత్తగా మెదిపిన అరటిపండు చాలు. సీసా కంటే ఉగ్గుగిన్నె, చెంచా నయం. మరిగే నీళ్లలో వేసి తీస్తే శుభ్రపడతాయి, సీసా మూతల్లా సందుల్లో మురికి పట్టదు.

విరేచనాలు మొదలైతే మందుల సంచిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉండాలి. ప్యాకెట్ మీద రాసినంత నీటిలో మొత్తం పొడిని ఒకేసారి కలపాలి. సగం పొడి, సగం నీళ్లు అంటూ లెక్కలు కట్టకూడదు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. దుకాణంలో దొరికే తియ్యటి డబ్బా పానీయాలు దానికి బదులు కావు. అలాంటివాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనకుంది.

ఆరు నెలల్లోపు బిడ్డకు విరేచనాలైనా, మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా సొంత వైద్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. అందుకే దగ్గర్లో పిల్లల ఆసుపత్రి ఎక్కడుందో గది తీసుకునే రోజే కనుక్కోవాలి. సూర్యలంకలో దిగితే బాపట్ల పది కిలోమీటర్ల లోపే. అత్యవసరమైతే 108 ఉండనే ఉంది.

తల్లికి సెలవెప్పుడు?

అందరూ అలల్లో ఆడుకుంటుంటే గదిలో పాపను నిద్రపుచ్చుతూ కూర్చునేది ఒక్కరే. అందరూ వేడివేడిగా తింటుంటే చల్లారిన అన్నం తినేదీ ఆవిడే. గ్రూపు ఫొటోలో మాత్రం పాపను ఎత్తుకుని నవ్వాలి. 'పిల్లది నీ దగ్గరైతేనే ఏడవదమ్మా' అన్న మెచ్చుకోలు వెనక చాలామంది తప్పించుకుంటారు. ఏడిస్తే ఊరుకోబెట్టడం తండ్రికీ రావాలి. డైపర్ మార్చడం బాబాయి నేర్చుకుంటే పోయేదేం లేదు. అత్తగారు 'నేను చూస్తాలే, నువ్వెళ్లి కాసేపు నీళ్లలో దిగిరా' అన్న ఒక్క మాట చాలు, ఆ కోడలు పదేళ్లు చెప్పుకుంటుంది. కోడలు కూడా ఓ గంటసేపు నానమ్మ పద్ధతిలో పాప పెరిగితే కొంపలేం మునగవని ఊరుకోవాలి. పాదానికి దిష్టిచుక్క పెట్టినంత మాత్రాన నష్టం లేదు. కంటికి కాటుక మాత్రం వద్దని నెమ్మదిగా చెబితే చాలు.

రోజుకో గంట తల్లికి వదిలేయాలని బయల్దేరేముందే, టికెట్లతోపాటే అనుకోవాలి. అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటే ఆ గంట రాదు.

తొమ్మిది నెలల పాపకు సముద్రం గుర్తుండదు. అల తగిలిందీ గుర్తుండదు, ఎవరు ఎత్తుకున్నారో గుర్తుండదు. తల్లికి అన్నీ గుర్తుంటాయి. వచ్చే ఏడు 'మళ్లీ వెళ్దామా' అని గ్రూపులో అడిగినప్పుడు ఆమె ఏమంటుందన్నది ఆ మూడురోజుల్లో ఇంటిల్లిపాదీ ఎలా మెలిగారన్నదాన్ని బట్టి ఉంటుంది.