కళ్ళు తిరిగితే తాగుడేనా?

తెగిన పోగు అతికి, లేచి నిలబడగానే చీకట్లు కమ్మి సాంచాల మధ్య ఒకడు కూలబడతాడు. "రాత్రి తాగి ఉంటాడు" అంటాడు సేటు. మనలో కొందరం నవ్వుతాం. ఆ నవ్వు మానాలని మేము చెప్పదలిచాం. నేల మీద పడితే లేస్తాడు, నడిచే బెల్టు మీద పడితే చెయ్యి పోతుంది.

మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి దిగుతుంది. మెడ రక్తనాళాల్లోనూ, గుండె దగ్గరి పెద్ద ధమనిలోనూ ఉన్న నరాల కొసలు అది పసిగట్టి మెదడుకు కబురంపుతాయి. క్షణాల్లో రక్తనాళాలు బిగుస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. పోగు తెగగానే సాంచాను ఆపే ఏర్పాటు లాంటిదే ఇది. అది చెడితే బి.పి. పడిపోతుంది.

ఏళ్ళ తరబడి చక్కెర జబ్బు ఉంటే ఈ నరాలు దెబ్బతింటాయి. గొంతు క్యాన్సర్‌కు మెడ మీద కరెంటు పెట్టించుకున్న వారిలో కొందరికి బి.పి. ఒకసారి బాగా పెరిగి, ఒకసారి బాగా పడుతుంది. నరాలు బాగున్నా చెమటపట్టి నీళ్ళు తాగకపోయినా, కొన్ని బి.పి., ప్రోస్టేటు మాత్రల వల్లా కళ్ళు తిరగవచ్చు.

పరీక్షకు పెద్ద మిషన్లు అక్కర్లేదు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బి.పి., నాడి చూడాలి. నిలబెట్టి ఒక నిమిషానికీ, మూడు నిమిషాలకూ మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే లోపం ఉన్నట్టే. అంత తగ్గినా నాడి వేగం పెద్దగా పెరగకపోతే నరాలను అనుమానించాలి. మనకు దొరికేదేమిటి? కూర్చోబెట్టి ఒక్కసారి చూసి, బలం మాత్రలు రాసి పంపడం.

వైద్యం కారణాన్ని బట్టి ఉంటుంది. మాత్రలు సొంతంగా మానకూడదు, డాక్టరుతో సరిచూపించుకోవాలి. నీళ్ళు బాగా తాగాలి. మెల్లగా, ఆగి ఆగి లేవాలి. చీకట్లు కమ్మితే కాళ్ళు పెనవేసి బిగించాలి, లేదా వెంటనే కూర్చోవాలి. బిగుతు మేజోళ్ళు కొందరికి పనిచేస్తాయి. చాలకపోతే ఫ్లూడ్రోకార్టిసోన్, మిడోడ్రిన్ వంటి మందులున్నాయి. ఇదే మనిషికి పడుకుంటే బి.పి. పెరగవచ్చు గనుక ఉప్పు పెంచడం, మందులు వాడడం డాక్టరు చెప్పాకే.

మనం అడిగేవి కొద్దివే. సాంచాల దగ్గర తాగే నీళ్ళు, కూర్చోను స్టూలు, దవాఖానాలో నిలబెట్టి బి.పి. చూడడం, పడిపోయినవాడి కూలి కోయకపోవడం. నిలబడి పనిచేసేవారికి కూర్చునే వసతి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఈసారి పక్క సాంచా వాడు పడితే నవ్వకండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి, తెలివి వచ్చాక దవాఖానాకు వెంట వెళ్ళండి, నిలబెట్టి చూడమని గట్టిగా అడగండి.