డిగ్లీపూర్‌లో పాత ఇల్లు కూల్చాలంటే... రేటు ఒక్కటే చూస్తే చాలదు

ఇల్లు కట్టే మేస్త్రీ గురించి నలుగురినీ వాకబు చేసే యజమాని, కూల్చే కాంట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి తక్కువ రేటు చెప్పినవారికే పని అప్పగిస్తాడు. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ లాంటి చోట ఈ అలవాటు ప్రాణాల మీదకు తేగలదు.

దేశంలో భూకంప ముప్పు అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో ఈ దీవులూ ఉన్నాయి. 2002 సెప్టెంబరు 14 తెల్లవారుజామున 6.5 తీవ్రతతో వచ్చిన భూకంపం డిగ్లీపూర్ ప్రాంతాన్ని కుదిపేసింది. 2004 డిసెంబరు 26 నాటి పెను భూకంపం ఉత్తర అండమాన్ తీరాన్నే పైకి లేపింది. దీనికి ఉప్పుగాలి, నెలల తరబడి వానలు తోడైతే కాంక్రీటులోని ఇనుము తుప్పు పడుతుంది. పైకి గట్టిగా కనిపించే స్లాబు మనిషి బరువును మోస్తుందో లేదో చెప్పడం కష్టం.

2022 ఆగస్టు 28న నోయిడా జంట టవర్లను కూల్చడానికి నిపుణుల బృందాలు నెలల తరబడి సిద్ధమయ్యాయి. చిన్న పట్టణంలో ఆ పని చేసేది స్థానిక బిల్డింగ్ కాంట్రాక్టరో, జేసీబీ యజమానో. రాజధాని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) రోడ్డు మార్గాన 300 కిలోమీటర్లకు పైనే ఉంది. అక్కడి నుంచి యంత్రాలు రప్పించడం అందరికీ అయ్యే పని కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ‘మనవాడే కదా’ అన్న నమ్మకం మనిషిని వెతకడానికి పనికొస్తుంది. అతని పనితనానికి మాత్రం అది హామీ కాదు.

అసలు చిక్కు బేరంలోనే ఉంది. సిమెంటు, ఇనుము ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావాల్సిన చోట పాత సామానుకూ విలువ ఉంటుంది. ‘సామాను మాకు వదిలేస్తే కూలి తగ్గిస్తాం’ అన్న మాట యజమానికి లాభంగానే తోస్తుంది. కానీ సామాను మీదే రాబడి ఉన్నవారు దూలాలు, గుమ్మాలు, చువ్వలు ముందు ఊడదీస్తే గోడలకు ఆసరా పోతుంది. కూల్చివేత భద్రతపై భారతీయ ప్రమాణం ఐఎస్ 4130 ఉంది. కట్టిన వరుసకు వ్యతిరేకంగా, పై నుంచి కిందికి విప్పుకుంటూ రావడమే క్షేమమైన పద్ధతి.

చట్టం చిన్న ఇంటిని అంతగా పట్టించుకోదు. 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనల్లో రోజుకు 20 టన్నులు లేదా నెలకు ఒక ప్రాజెక్టుకు 300 టన్నులు దాటితేనే ముందస్తు ప్రణాళిక తప్పనిసరి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా తెచ్చిన కొత్త నిబంధనలూ ప్రధాన బాధ్యతను 20,000 చదరపు మీటర్లు, ఆపైన విస్తీర్ణమున్న ప్రాజెక్టుల మీదే పెట్టాయి. కాబట్టి కాంట్రాక్టరును పరీక్షించే భారం యజమానిదే.

ఇంతకుముందు కూల్చిన రెండు చోట్లకు వెళ్లి, ఆ ఇంటివారితోనే కాక పక్కింటివారితోనూ మాట్లాడాలి. ఏ భాగం ముందు, ఏది తర్వాత అని అడిగితే తడుముకునేవారికి పని ఇవ్వకూడదు. కరెంటు ఎవరు తీయిస్తారు, కూలీలకు బీమా ఉందా, శిథిలాలు ఎక్కడికి వెళతాయి అన్నవి కాగితం మీద ఉండాలి. వాగులోనో మడ అడవిలోనో పోసిన మట్టికి రేపు జవాబు చెప్పాల్సింది యజమానే కావచ్చు. పక్కింటి గోడను ముందే ఫొటోలు తీయించాలి. స్థలం శుభ్రం చేశాకే ఆఖరి వాయిదా చెల్లించాలి.

ఇవన్నీ అడిగితే రేటు కొంత పెరగవచ్చు. కానీ తక్కువ రేటులో మిగిలే సొమ్ము చాలాసార్లు కూలీ భద్రత నుంచి కోసిందే.