యూరియా బస్తా పొలానికే.. కారుకు కాదు! డీజిల్ కారు ఓనర్లు డీఈఎఫ్ గురించి తెలుసుకోవాల్సిందే

వానాకాలం వచ్చిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కడ విన్నా యూరియా ముచ్చటే. 2025 సీజన్‌లో బస్తా కోసం రైతులు సొసైటీల ముందు గంటల తరబడి క్యూ కట్టారు. అయితే డీజిల్ కార్లలో పోసే డీఈఎఫ్‌లోనూ ఉండేది యూరియానే. మరి ఆ బస్తానే నీళ్లలో కలిపి కారులో పోస్తే సరిపోదా..? సరిపోదు. కారు ఖరాబవుతుంది, కేసు కూడా అవ్వొచ్చు.

అసలేంటీ డీఈఎఫ్..?

డీఈఎఫ్ అంటే డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్. చాలామంది యాడ్‌బ్లూ అంటారు. ఇందులో 32.5 శాతం యూరియా, 67.5 శాతం లవణాలు తీసేసిన నీళ్లు ఉంటాయి. ఇది డీజిల్‌లో కలిపేది కాదు, దీనికి ట్యాంకే వేరు. ఇంజిన్ నుంచి వచ్చే వేడి పొగలోకి స్ప్రే అయి అమ్మోనియాగా మారుతుంది. ఎస్‌సీఆర్ అనే పరికరంలో ఈ అమ్మోనియా.. హానికరమైన నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 రూల్స్ వచ్చాక దీని వాడకం పెరిగింది. ఎక్స్‌యూవీ 700, స్కార్పియో-ఎన్ లాంటి డీజిల్ బండ్లలో ఇది తప్పనిసరి. అన్ని డీజిల్ కార్లకూ ఉండదు.

బస్తా యూరియా ఎందుకు పనికిరాదు..?

పొలానికిచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. బైయూరెట్ అనే మలినం అందులో 1.5 శాతం వరకు ఉండొచ్చు. డీఈఎఫ్‌లో మాత్రం 0.3 శాతం దాటకూడదు. ఈ తేడాకే ఇంజెక్టర్ మూసుకుపోతుంది, ఎస్‌సీఆర్ దెబ్బతింటుంది. బోరు నీళ్లలోని లవణాలతోనూ ఇదే ముప్పు. పైగా సబ్సిడీ యూరియాను వ్యవసాయానికి తప్ప వేరేదానికి వాడటం 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. అసలు డీఈఎఫ్‌కు వాడేది పరిశ్రమల కోసం విడిగా అమ్మే టెక్నికల్ గ్రేడ్ యూరియా.

ఎలా నింపాలి..?

* డ్యాష్‌బోర్డులో వార్నింగ్ రాగానే నింపించండి. ట్యాంకు ఖాళీ అయితే నడుస్తున్న బండి ఆగదు కానీ, ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు.
* క్యాన్ మీద ఐఎస్ఓ 22241 మార్క్, సీల్, తయారీ తేదీ చూడండి.
* ఇంజిన్ ఆపి, నీలం మూత ఉన్న ట్యాంకులోనే పోయండి. ఒలికితే వెంటనే నీళ్లతో కడిగేయండి.
* పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే కారు స్టార్ట్ చేయొద్దు. తాళం కూడా తిప్పకుండా మెకానిక్‌ను పిలవండి.

ఎండలతో జాగ్రత్త

మన దగ్గర ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. 30 డిగ్రీల్లో ఏడాది ఉండే డీఈఎఫ్, 35 డిగ్రీల్లో ఆరు నెలలకే పాడవుతుంది. అందుకే క్యాన్లు కొని డిక్కీలో దాచొద్దు. షాపు బయట ఎండలో పెట్టిన క్యాన్ తీసుకోవద్దు.

లెక్క ప్రకారం 45 కిలోల బస్తాతో దాదాపు 125 లీటర్ల ద్రావణం అవుతుంది. కల్తీగాళ్లకు ఆశ పుట్టేది ఇక్కడే. సీల్ లేకుండా చవగ్గా దొరికే క్యాన్ కొంటే నష్టం మీ ఒక్కరికే కాదు.. క్యూలో నిలబడ్డ ఓ రైతుకు దక్కాల్సిన బస్తా కూడా పోయినట్టే.