ఆ ఆరు నెలలు

1945 ఫిబ్రవరి 14న జపాన్ మాజీ ప్రధాని కొనొయె ఫుమిమారో చక్రవర్తి హిరోహితోకు ఒక విన్నపం చేశారు. ఓటమి ఇక తప్పదు, వీలైనంత త్వరగా యుద్ధం ముగించండి అన్నది దాని సారం. మరొక్క గెలుపు దక్కితే తప్ప అది కష్టమని చక్రవర్తి బదులిచ్చారు. ఆ గెలుపు రాలేదు. మార్చి 10 తెల్లవారేసరికి టోక్యోలో సుమారు లక్షమంది అమెరికా బాంబుల మంటలకు ఆహుతయ్యారు. జూన్ ముగిసేలోగా ఒకినావా పోరులో ఆ దీవి వాసుల్లో దాదాపు నాలుగింట ఒకరు చనిపోయారు. తర్వాత హిరోషిమా, నాగసాకి. అప్పుడు గాని ఆయన పెదవి విప్పలేదు. ఆగస్టు 9 అర్ధరాత్రి రాజప్రాసాదపు భూగర్భ గదిలో ఆరుగురు పెద్దలు ముగ్గురూ ముగ్గురుగా చీలిపోతే, ప్రధాని సుజుకి చక్రవర్తినే తేల్చమన్నారు. లొంగిపోదామని ఆయన అన్నారు. యుద్ధం ఆగింది.

ఆ మాటకు అంత బలం ఉన్నప్పుడు ఫిబ్రవరిలో ఎందుకు పలకలేదు? అసలు 1941 డిసెంబరు 1న, యుద్ధానికి ఆమోదముద్ర పడిన సమావేశంలో ఎందుకు మౌనంగా కూర్చున్నారు? రాజ్యాంగబద్ధుడైన రాజు మంత్రుల నిర్ణయాన్ని కాదనలేడన్నది ఆయన పక్షాన వినిపించే జవాబు. అందులో కొంత నిజం లేకపోలేదు. అంతకు మూడు నెలల ముందు అలాంటి సమావేశంలోనే శాంతిని కోరే తాతగారి పద్యం చదివి తన కలత తెలియజేశారు కూడా. అయితే 1889 నాటి ఆ రాజ్యాంగమే సైన్యాన్నీ నౌకాదళాన్నీ ఆయన ఆజ్ఞ కింద ఉంచింది. 1936 ఫిబ్రవరిలో యువ సైనికాధికారులు తిరగబడి ప్రముఖ నేతలను చంపినప్పుడు, అవసరమైతే తానే రక్షకదళాన్ని వెంటబెట్టుకుని వెళ్లి అణచివేస్తానన్నది ఈ చక్రవర్తే. తిరుగుబాటు రోజుల వ్యవధిలో సమసిపోయింది. ఆయన గట్టిగా అడ్డుపడి ఉంటే పెర్ల్ హార్బర్ జరిగేది కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ యుద్ధ ప్రకటన వెలువడింది ఆయన పేరుతోనే. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు వచ్చిందీ ఆ పేరు మీద సాగిన యుద్ధంలోనే.

యుద్ధం ముగిశాక టోక్యోలో జరిగిన యుద్ధనేరాల విచారణలో మాజీ ప్రధాని టోజో సహా ఏడుగురిని ఉరితీశారు. చక్రవర్తిని కనీసం సాక్షిగానైనా పిలవలేదు. ఆక్రమిత జపాన్‌ను సజావుగా నడపడానికి అమెరికా జనరల్ మెకార్థర్‌కు సింహాసనం కావలసివచ్చింది. చక్రవర్తి అభీష్టానికి విరుద్ధంగా ఏ జపనీయుడూ నడుచుకోడని టోజో 1947 చివరి రోజున న్యాయస్థానంలో అన్నారు. వారం తిరగకముందే ఆ మాటను సర్దుకున్నారు. విచారణకు అధ్యక్షత వహించిన ఆస్ట్రేలియా న్యాయమూర్తి విలియం వెబ్ మాత్రం చక్రవర్తి బాధ్యతను తన విడి అభిప్రాయంలో నమోదు చేశారు. 1975లో ఒక విలేఖరి యుద్ధ బాధ్యత గురించి సూటిగా అడిగితే, సాహిత్య విషయాలు తాను అంతగా చదువుకోలేదని, అలాంటి మాటల సూక్ష్మాలకు జవాబు చెప్పలేనని హిరోహితో అన్నారు. లక్షల కుటుంబాలు ఎదురుచూసిన జవాబు అది.

ఆ బాధ్యతను పేరుపెట్టి చెప్పినవారు నాగసాకి మేయర్ మొతొషిమా హితొషి. 1988 డిసెంబరులో, చక్రవర్తి మరణశయ్య మీద ఉండగా, నగరసభలో ఒక సభ్యుడి ప్రశ్నకు బదులిస్తూ, యుద్ధ బాధ్యత చక్రవర్తికి ఉందనే తాను భావిస్తున్నానన్నారు. యుద్ధకాలంలో మొతొషిమా సైనికులకు శిక్షణ ఇచ్చారు. చక్రవర్తి కోసం ప్రాణాలివ్వాలని ఆ కుర్రవాళ్లకు నేర్పినవాడిగా తన వంతు బాధ్యతనూ ఒప్పుకున్నారు. తాను స్వయంగా మోయడానికి సిద్ధపడిన భారాన్నే చక్రవర్తి కూడా మోయాలన్నారు కనుక, ఆ మాటకు నేను చాలా విలువనిస్తాను. మాట వెనక్కి తీసుకోమని ఒత్తిళ్లు వచ్చినా ఆయన లొంగలేదు. 1990 జనవరిలో ఒక అతివాద జాతీయవాది ఆయనను వెనకనుంచి కాల్చాడు. మొతొషిమా బతికారు. ఆయన మాట విని దేశం నలుమూలల నుంచి ఏడు వేలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం ఆయనను సమర్థించినవే.