జంతుశాలలలో జననములు

జంతుప్రదర్శనశాలలో నొక పిల్ల పుట్టినచో నది శుభవార్తయై పత్రికల కెక్కుచున్నది. సింహపుగూనలు కన్నులు దెరచినవనియు, తెల్లపులి ముగ్గురు బిడ్డల తల్లి యైనదనియు, దూరదేశమునుండి క్రొత్తజంతువు దిగినదనియు అధికారులు ప్రకటింతురు. ప్రముఖులు వచ్చి నామకరణము చేయుదురు. మరునాటి సెలవుదినమున జనులు బిడ్డల నెత్తుకొని తీర్థమునకు బోవునట్లు తరలిపోవుదురు. ఇందు మేము దోషమెన్నుట లేదు. పసికూనను జూచి మురియని హృదయము మనుష్యహృదయము కాదు. కాని యా మురిపెము తీరిన పిమ్మట నైనను మూడు ప్రశ్నలు మన మడుగవలసి యున్నవి. ఈ పిల్ల యెందులకు బుట్టినది? ఇది పెరిగినపుడు దీనికి జోటెక్కడ? దీని తల్లిదండ్రులకు బరస్పర మెట్టి రక్తసంబంధము గలదు? ఈ మూటికిని సమాధానము లేని జననము సంతోషవార్త కాజాలదు. అది రాబోవు కష్టమునకు ముందుగా వచ్చిన జాబు మాత్రమే.

మన చెన్నపట్టణమున కీ విషయము క్రొత్తది కాదు. ఇచ్చటి మ్యూజియమున కధ్యక్షుడైన ఎడ్వర్డు బాల్ఫరు, ప్రాణముగల జంతువులను జూచుటకు జనులు విరివిగా వచ్చుట గమనించి, 1855 లో జంతుశాలకు బునాది వేసెను. అది పిమ్మట పీపుల్సు పార్కునకు జేరి, నూరేండ్లకు మించి యచ్చటనే యుండి, 1985 లో వండలూరున విశాలమైన యడవిభూమిలో బ్రతిష్ఠింపబడెను. పూర్వము పల్లెలనుండి పట్టణము చూడవచ్చిన జనులు మ్యూజియమును ‘చచ్చిన కాలేజి’ యనియు, జంతుశాలను ‘బ్రతికిన కాలేజి’ యనియు వ్యవహరించెడివారు. అక్షరజ్ఞానము లేనివారి నోట బుట్టిన యీ పేరులో గొప్ప సత్యము గలదు. కాలేజి యనగా విద్య నేర్చుచోటు. అచ్చట మృగములు పాఠములు, చూడవచ్చినవారు విద్యార్థులు. పాఠములు తప్పుగా నుండినచో విద్యార్థులు నేర్చునది యేమి?

ఆ పల్లెటూరివారిని మనము చులకన చేయరాదు. కోవిలుపట్టికి దూర్పున, విరుదునగరమునకు దక్షిణమున, నల్లరేగడి నేలలలో నున్న నాగలాపురమును దలపునకు దెచ్చుకొందము. మధుర నాయకరాజుల కాలమునుండి తెలుగు మాటాడు కుటుంబములు స్థిరపడిన సీమ యది. వానకు గాచుకొని చేయు సేద్యము. దానికి దోడు గొఱ్ఱెలు, మేకలు. ఆ ప్రాంతమునందలి వేంబూరు పేరుమీదనే యెఱ్ఱని మచ్చలుగల తెల్లగొఱ్ఱెల జాతి యొకటి ప్రసిద్ధి కెక్కినది. మొగమున రెండు ప్రక్కల చారలుగల నల్లని కన్నిమేకయు నా సీమదియే. ఏ ప్రభుత్వశాఖయు బుట్టకముందే యీ జాతులను నిలబెట్టినవారు మందకాపరులు. మందలో నెన్ని పిల్లలు పుట్టినను కాపరి ముందుగా జూచునది బీటిలోని మేతను. పొట్టేలును దన సంతతితోనే యేండ్ల తరబడి కలిపియుంచినచో మంద క్షీణించునని యెరిగి, పొరుగుమందనుండి పొట్టేలును మార్చుకొనుట మంచి కాపరి నేర్పు. రోగము సోకినదానిని వేరుగా గట్టివేయుట యతని మొదటి పని. ఈ మూడు సూత్రములను శాస్త్రజ్ఞుల భాషలోనికి దిప్పినచో, నేడు ప్రపంచమంతటను మంచి జంతుశాల లవలంబించు పద్ధతులే యగును.

ఈ సూత్రములను బాటించినందువలన గలుగు మేలునకు హైదరాబాదే నిదర్శనము. అచ్చటి నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963 అక్టోబరు 6 వ తేదీన బ్రజలకు దెరువబడినది. అందు సింహములు, పులులు, ఏనుగులు గలవు. చూడవచ్చువారి కన్ను వానిమీదనే. కాని యా సంస్థ చేసిన పనులలో మిక్కిలి శ్లాఘనీయమైనది, ప్రేక్షకులు సాధారణముగా గుర్తింపనైన గుర్తింపని యొక చిన్న జంతువునకు సంబంధించినది. అది మూషికజింక. తూకము నాలుగు కిలోలకు మించదు, కొమ్ములు లేవు, పగలు పొదలలో దాగి రాత్రులు మెలగును. అడవులలో నుచ్చులకును, వేటకుక్కలకును బలియై యది తగ్గిపోవుచుండగా, 2010 లో జంతుశాలవారును, అంతరించు జీవుల సంరక్షణమునకై డాక్టరు లాల్జీ సింగు కృషివలన హైదరాబాదున వెలసిన ప్రయోగశాలవారును గలిసి దాని సంతానవృద్ధికి బూనుకొనిరి. జింకను బట్టి బెదరింపక, దాని పెంటికలలోని హార్మోనులను బరీక్షించియే చూలు నిలిచినదియు లేనిదియు దెలిసికొనిరి. ఈనిన కొలదిగంటలలోనే యది మరల చూలు దాల్చగలదని గుర్తించిరి. కొలదిపాటి జంతువులతో నారంభమైన యా మంద కొన్ని యేండ్లలో రెండు వందలను మించెను. 2017 లో వానిలో గొన్నింటిని అమ్రాబాదు పులుల యభయారణ్యమునకు గొనిపోయి, ముందు కంచెవేసిన చోట నలవాటుపడనిచ్చి, పిమ్మట నడవిలోనికి విడిచిరి. ఇచ్చట మా మూడు ప్రశ్నలకును సమాధానము దొరకుచున్నది. ఆ పిల్లలు అడవికొఱకు బుట్టినవి. వానికి జోటు ముందుగానే యేర్పడినది. వాని వంశక్రమము పరిశీలనలో నున్నది. దీనిని మించిన శుభవార్త జంతుశాలనుండి వెలువడజాలదు.

సంకల్పము మంచిదైనను, గణన తప్పినచో నేమగునో మన చెన్నపట్టణపు సముద్రతీరముననే చూడవచ్చును. మొసళ్ళు నశించిపోవుచున్న కాలమున, 1976 లో, రోములస్ విటేకరును ఆయన సహచరులును వడనెమ్మేలి యొద్ద మొసళ్ళ సంరక్షణ కేంద్రమును స్థాపించిరి. వారి కృషి యమోఘమైనది. మగ్గరు మొసలి యచ్చట నిరాటంకముగా వృద్ధిపొందెను. అయితే తరువాతి కాలమున వానిని విడుచుటకు నదులలోను, జలాశయములలోను దగిన తావులు కరవయ్యెను. గ్రామములు గట్లవరకు బెరిగినవి; చెరువున మొసలిని విడిచెద మన్నచో నొప్పుకొను గ్రామ మేది? తుదకు సుమారు వెయ్యి మొసళ్ళను గుజరాతునందలి జామ్‌నగరు జంతుశాలకు దరలించుటకు నిశ్చయింపవలసి వచ్చెను. ఆ విషయము 2022 లో మద్రాసు హైకోర్టువరకు బోయి, తరలింపు చెల్లునని తీర్పు వచ్చినది. స్థాపకుల నిందించుట మా యుద్దేశము కాదు; వారు లేనిచో మొసళ్ళే మిగులకుండెడివేమో. జంతువును బెంచుట కంటె దానికి దావును మిగుల్చుట కష్టతరమని యీ చరిత్ర చాటుచున్నది.

ఈ రెంటికంటెను భిన్నమైనది, మా దృష్టిలో నిందనీయమైనది, చూచువారి ముచ్చటకై చేయు సంతానోత్పత్తి. తెల్లపులుల చరిత్రను జూడుడు. 1951 లో రీవా మహారాజు మార్తాండసింగు మోహనుడను తెల్లపులికూనను బట్టించెను. సాధారణపు టాడుపులితో దానికి బుట్టిన పిల్లలన్నియు సహజవర్ణముననే యుండుటచే, దాని కూతురైన రాధతోనే దానిని గలిపిరి. 1958 లో నాలుగు తెల్లకూనలు పుట్టెను. నేడు లోకమందలి జంతుశాలలలోని తెల్లపులులలో జాలభాగ మా తండ్రికూతుళ్ళ సంతతియే. తెలుపు ప్రత్యేకజాతి లక్షణము కాదు; తల్లిదండ్రు లిరువురినుండియు నొకే గుప్తగుణము సంక్రమించినప్పుడు మాత్రమే యది వెలికి వచ్చును. దానిని నిలుపుటకు దగ్గరి రక్తమును మరల మరల గలుపగా వైకల్యములును, బలహీనమైన సంతానమును గలుగుచున్నవి. మేనరికముల కలవాటుపడిన మన తెలుగువారికి దీనిని విపులముగా జెప్ప బనిలేదు. మేనరికపు బిడ్డలయందు గానవచ్చు రోగములను గూర్చి మన వైద్యులు చిరకాలముగా హెచ్చరించుచునే యున్నారు. మనుష్యులయం దపాయకరమని యెంచినది పులులయందు వినోద మెట్లగును?

చండీగఢము చెంతనున్న ఛత్‌బీరు జంతుశాల కథ యింతకంటె శోచనీయము. అచ్చట గీరు సింహములు సర్కసులనుండి వచ్చిన ఆఫ్రికా సింహములతో గలిసి, పదులకొలది సంకర సంతానము కలిగెను. అవి గీరు సింహములును గావు, ఆఫ్రికా సింహములును గావు. ఏ యడవికి నక్కరకు రానివి. రోగముల కోర్వలేక క్షీణించుచుండగా, వాని సంతానమును నిలిపివేసి, యున్నవానిని వృద్ధాప్యమువరకు బోషించుటకంటె వేఱు దారి లేకపోయెను. ఒకనాటి యజాగ్రత్తకు మూగజీవము లొక తరమంతయు మూల్యము చెల్లించెను.

పుట్టుక యొక దినపు సంగతి. పోషణము ప్రతిదినపు సంగతి. పత్రికల కెక్కునది మొదటిది. జంతువు బ్రతుకు నిర్ణయించునది రెండవది. తెల్లవారకముందే వచ్చి, ఆవరణము గడిగి, నిన్నటి మేతలో నెంత మిగిలినదో చూచి, పెంట యెట్లున్నదో చూచి, నడకలోని స్వల్పభేదమును బట్టి రోగమును గనిపెట్టువాడు కాపరి. వైద్యుడు వచ్చుట యతడు పిలిచిన పిమ్మటనే. అట్టి నేర్పుగలవాని యుద్యోగము భద్రమైనదిగను, జీతము సంసారమునకు జాలినదిగను ఉండవలయును. కాపరిని దినకూలివానిగా జూచు సంస్థలో క్రొత్తజంతువు లెన్ని వచ్చినను వాని యాయువు గాలిలో దీపమే.

కాపరి క్షేమమునకును జంతువు క్షేమమునకును గల బంధమును కోవిడ్ వ్యాధి కన్నులకు గట్టినది. 2021 మే నెలలో హైదరాబాదు జంతుశాలయందలి యెనిమిది సింహములకు వ్యాధి సోకినట్లు పరీక్షలవలన దెలిసెను; అవి కోలుకొన్నవి. మరుసటి నెలలో వండలూరున నీలయను నాడుసింహము మరణించెను. సింహములకు మనుష్యులనుండియే యా రోగము వచ్చియుండునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కావలి సంగతియు నట్టిదే. 2000 అక్టోబరులో హైదరాబాదు జంతుశాలలోనే యొక యాడుపులిని దుండగులు చంపి చర్మ మొలిచిన ఘోరమును మనము మరువరాదు. అడవిలో వేటగానినుండి రక్షించెదమని చెప్పి తెచ్చి యుంచిన చోటనే వేటగాడు ప్రవేశించెను. ఇనుపకమ్ములు జంతువును బయటికి బోనీయకుండుటకే గాని, దురాత్ముని లోనికి రానీయకుండుటకు జాలవని నాడు రుజువైనది.

చట్టములు లేవని చెప్ప వీలులేదు. వన్యప్రాణి సంరక్షణచట్టమునకు 1991 లో జరిగిన సవరణవలన, 1992 లో కేంద్ర జంతుశాలల ప్రాధికారసంస్థ యేర్పడినది. దాని గుర్తింపు లేక యే జంతుశాలయు నడువరాదు. వారమున కొకదినము ప్రేక్షకులు లేని విశ్రాంతి, చనిపోయిన ప్రతి జంతువునకు శవపరీక్ష, ఏటేట జననమరణముల పట్టిక — ఇవన్నియు నిబంధనలలో గలవు. దెహ్రాదూనునందలి భారతీయ వన్యప్రాణి సంస్థ సాయముతో ముఖ్యమైన జాతులకు వంశావళి గ్రంథములును వ్రాయించిరి. కావలసినది క్రొత్తచట్టము కాదు. ఉన్నదానిని దాపరికము లేక నడపుట.

అందులకై మే మీ క్రింది సూచనలు చేయుచున్నాము. పిల్ల పుట్టినదని ప్రకటించునపుడే దాని తల్లిదండ్రుల వంశక్రమమును, ఆ జాతికి బెట్టుకొన్న గరిష్ఠసంఖ్యను, పెరిగిన పిమ్మట దానికి నిర్ణయించిన తావును ప్రకటింపవలయును. జననములతోపాటు మరణములను, వాని కారణములను, ప్రజలు సులభముగా జదువునట్లు ప్రతిమాసమును వెల్లడింపవలయును. తెల్లపులుల సంతానోత్పత్తిని నిలిపివేసి, ఉన్నవానిని గౌరవముగా సాకవలయును. క్రొత్తజంతువును దెచ్చుటకు ముందు పాతజంతువుల యావరణములు విశాలమైనవో కావో చూడవలయును. కాపరుల ఖాళీలను నింపి, వారికి శిక్షణ నొసగి, యేటేట వైద్యపరీక్ష చేయింపవలయును. ఇవి కోట్లతో గాని కాని పనులు గావు. మనసు పెట్టినచో నయ్యెడి పనులు.

రాజధానిలో నున్న మన తెలుగువారికి నిందు బాధ్యత గలదు. న్యాయవాదులు నిబంధనలు చదువగలరు. వైద్యులు వంశావళిని దెలిసికొనగలరు. లెక్కల పరీక్షకులు పట్టికలోని లోపమును బట్టగలరు. పలు జంతుశాలలలో జంతువును దత్తతగొని, దాని పోషణవ్యయమును భరించు నేర్పాటు గలదు. బిడ్డ పుట్టినరోజున నొక పూట విందునకగు వ్యయములో గొంత దానికి వినియోగించువారు, సొమ్ముతోపాటు ప్రశ్నలను గూడ బంపవచ్చును. మరియు నొక మనవి. దత్తతకు సింహమునే యేల కోరవలయును? మూషికజింకకును ఆకలి గలదు.

నాగలాపురమునుండి పడమటి దిక్కున శ్రీవిల్లిపుత్తూరు కొండలలో బూడిదవన్నె పెద్దయుడుత చెట్టునుండి చెట్టునకు దుముకుచున్నది. దక్షిణమున, తిరునెల్వేలి–తూత్తుకుడి మార్గములోని వల్లనాడు గుట్టపై కృష్ణజింకలు గలవు; వానికొఱకు 1987 లో సుమారు పదునారు చదరపు కిలోమీటర్ల యభయస్థాన మేర్పడినది. ఆ జింక యీనినపుడు నామకరణోత్సవము లేదు, పత్రికలో బొమ్మ లేదు. ఆ పిల్లకు గావలసినది గడ్డి, నీరు, కుక్కల బెడద లేని యొక తావు మాత్రమే. జంతుశాల యొక్క పరమార్థ మట్టి పిల్లలు అడవులలో నిరాటంకముగా బుట్టునట్లు చేయుటయే. ‘బ్రతికిన కాలేజి’ యను పేరు మన పల్లెవా రూరక యీయలేదు. ఇక మీదట నచ్చట పుట్టు ప్రతి పిల్లయు నా పేరును సార్థకము చేయునట్లు అధికారులు వర్తింతురు గాక యని మే మాశించుచున్నాము.